ముత్యాల్లాంటి చేతిరాత

ఆ చలికాలం మా ఇంట్లో ఇద్దరు విద్యార్థులం. ఇద్దరిదీ ఒకటే క్లాసు, ఒకటే పుస్తకం, ఒకటే టేబుల్ లైటు. ఒకరు మా అమ్మాయి, రెండోవాణ్ణి నేను. హాజరు పిలిచేటప్పుడు అమ్మాయి పేరు తరవాత నా పేరు వచ్చేది. అమ్మాయి గొంతు వెనకే నా బొంగురు గొంతు లేచేసరికి వెనక బెంచీల్లో కిసుక్కుమనేవాళ్ళు. పాఠం చెప్పే మేడమ్‌కి మా అమ్మాయి వయసే ఉంటుంది. నన్ను ప్రశ్న అడగాల్సి వస్తే ముందు "సార్" అనేసి, ఆ తరవాత నాలిక కరుచుకునేది. వయసుని గౌరవించడం అలవాటైన పిల్ల. అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని చూసినప్పుడల్లా నాకు కాస్త వెచ్చగా ఉండేది.

మేమిద్దరం ఒక పెద్దాస్పత్రి మందుల గదిలో ఫార్మసిస్టులం. నా జుట్టు నెరిసింది అక్కడే. అమ్మాయి చేరి కొన్నేళ్ళే అయింది. ఉద్యోగంలో ఉన్న ఫార్మసిస్టులు పని మానకుండానే, సెలవు రోజుల్లో చదువుకుని పెద్ద డిగ్రీ తీసుకునేలా యూనివర్సిటీవాళ్ళు కొత్త కోర్సు తెచ్చారు. ముందు పాఠాలు, పరీక్షలు. ఆ తరవాత మా ఆస్పత్రిలోనే వార్డు శిక్షణ. డాక్టర్లతో పాటు మంచం మంచానికీ తిరగాలి, ఏ మందు ఎవరికి ఎంత పడుతుందో చెప్పాలి. శిక్షణకి ఇద్దరినే తీసుకుంటారు. మా గదినుంచి చదువుతున్నది ముగ్గురం. మూడో ఆవిడ నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్ళు లేరు కాబట్టి ఆస్పత్రంతా ఆవిణ్ణి వసపిట్ట అనేది. ఆవిడా ఆ పేరుకే పలికేది.

"ఈ డిగ్రీ వస్తే పేరుకు ముందు డాక్టరని పెట్టుకోవచ్చట," అనేది వసపిట్ట, మాత్రల అట్టలు కత్తిరిస్తూ. "మా ఆయన చేత పొద్దున్నే 'డాక్టరుగారూ, టీ తీసుకోండి' అనిపించకపోతే చూడండి."

"ముందు ఆయనకి టీ పెట్టడం నేర్పండి," అనేది మా అమ్మాయి.

నాకు డాక్టరనిపించుకోవాలని లేదు. నా కోరిక వేరు. మా మందుల గది కిటికీ సందు కౌంటరు బల్లకి ఆనుకుని ఉంటుంది. చెయ్యి పట్టేంత సందు, పైనంతా మసక అద్దం. అందులోంచి చీటీ పట్టుకున్న చెయ్యి లోపలికి వస్తుంది, మందులు పట్టుకున్న చెయ్యి బయటికి వెళుతుంది. నా ఉద్యోగమంతా నేను చూసినవి చేతులే. వణికే చేతులు, పసుపుబారిన గోళ్ళు, పసిపిల్లని ఎత్తుకోవడంతో సగమే లోపలికి వచ్చే చేతులు. ఏ మందు ఎవరి నోట్లోకి పోతుందో, పోయాక ఏమవుతుందో ఆ కిటికీలోంచి కనబడదు.

మా ఆవిడ పోయినప్పుడు మూడో అంతస్తు వార్డులో ఉంది. ఆమె మందులు కట్టి పైకి పంపింది నేనే. ఆ మాత్రలు మింగుడుపడక ఆమె అవస్థ పడిందని, సగం రోజులు దిండు కింద దాచేసిందని తరవాత తెలిసింది. అదే మందు సిరప్‌గా నా బీరువాలో ఉంది. పైనుంచి కిందికి ఆ ఒక్క మాట చెప్పే మనిషి లేడు. అది ఎవరి పనో కూడా అప్పుడెవరికీ తెలియదు. ఇప్పుడు ఆ పనికి ఒక పేరు, ఒక డిగ్రీ వచ్చాయి. ఉద్యోగం ముగిసేలోగా పైకి వెళ్ళి మంచం పక్కన నిలబడాలని నా ఆశ. అంతకంటే ఏమీ లేదు.

తెల్లవారుజామునే లేచి చదువుకునేవాళ్ళం. అద్దాల మీద మంచు, స్టవ్ మీద టీ. అమ్మాయి దుప్పటి ముసుగేసుకుని ప్రశ్నలు వేసేది.

"మూత్రపిండాలు సగమే పనిచేస్తున్నాయి. గుండె మాత్ర ఎంతిస్తావు నాన్నా?"

"మనిషి వయసెంత?"

"నీ అంత."

"నిద్ర?"

"నీ అంతే."

"అయితే మాత్ర తరవాత. ముందు వెళ్ళి పడుకోమంటాను."

"సున్నా మార్కులు," అని పుస్తకంతో నెత్తిమీద ఒక్కటిచ్చేది. మళ్ళీ తనే, "సగం మాత్ర నాన్నా, సగం. నీకు తెలుసు, ఊరికే ఏడిపిస్తావు," అనేది.

ఒక్కోసారి పుస్తకం మీదే నాకు కునుకు పట్టేది. లేచేసరికి నా కళ్ళజోడు ముక్కు మీద ఉండేది కాదు, మడిచి డబ్బాలో పెట్టి ఉండేది. భుజాల మీద ఆ దుప్పటే ఉండేది. మా ఆవిడ పోయాక నన్నెవరూ అలా చూసుకోరనుకున్నాను. ఆ తెల్లవారుజాములు నాకు దక్కాయి. తరవాత ఏం జరిగినా అవి దక్కలేదని అనలేను.

* * *

మూడో అంతస్తు వార్డు పెద్ద డాక్టరుగారిది. మిగతా డాక్టర్ల చీటీలు కోడి గెలికినట్టుంటే, ఈయనవి ముత్యాలు పేర్చినట్టుండేవి. నల్ల సిరా, పాళీ పెన్ను, ఒక్క కొట్టివేత ఉండదు. "వీటిని ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవచ్చు," అనేది వసపిట్ట. ఆ చేతిరాతంటే డాక్టరుగారికి ఎంత గర్వమో ఆస్పత్రిలో అందరికీ తెలుసు.

ఆ ముత్యాల్లోనే అప్పుడప్పుడూ ఒక తప్పు ఉండేది. రోజంతా కాళ్ళ మీద నిలబడి అంతమందిని చూసే మనిషి. ఎవరికైనా జరుగుతుంది. పట్టుకోవడానికే కింద మేమున్నాం. ఎలా చెప్పడమన్నదే సంగతి. నేను చేరిన కొత్తల్లో మా గదిలో ఒకతను ఒక డాక్టరుకి ఫోన్ చేసి "మీరు డోసు తప్పు రాశారు" అన్నాడు. అన్న మాట నిజమే. ఆ డాక్టరు పట్టుదలకి పోయి అదే డోసు ఇవ్వమన్నాడు. ఇవ్వనని ఇతను. వీళ్ళిద్దరి మధ్యా పైన రోగి సాయంత్రం దాకా మందు లేకుండా పడి ఉన్నాడు. అప్పటినుంచి నేనొక దారి చూసుకున్నాను.

ఆరోజూ అదే చేశాను. మూడో అంతస్తునుంచి ఒక ముసలావిడ చీటీ వచ్చింది. గుండె మాత్ర, రోజూ ఒకటి. చీటీకి పిన్ను చేసిన రక్తపరీక్ష చూస్తే ఆవిడ మూత్రపిండాలు సగానికి పడిపోయి ఉన్నాయి. నేను ఫోనెత్తాను.

"సార్, కింద మందుల గదినుంచి. మీ చేతిరాత నాకు సరిగా అర్థం కావడం లేదు. గుండె మాత్ర సగమేనా సార్ మీరు రాసింది? మూత్రపిండాల రిపోర్టు కూడా ఉంది కదా, సగమే అయ్యుంటుందనుకున్నాను."

అవతల కాయితాలు తిరగేసిన చప్పుడు. తరవాత, "సగమే, సగమే. కనబడటం లేదా ఏంటయ్యా? కళ్ళజోడు మార్చు," అన్నారు డాక్టరుగారు.

"మారుస్తాను సార్."

ఫోన్ పెట్టేలోగా వార్డు సిస్టరు అందుకుంది. గొంతు తగ్గించి, "మీ కళ్ళకి దండం పెట్టాలి సార్," అంది. అంతే. ఆ ఒక్క మాటతో నాకు పూట గడిచిపోయేది.

పక్కనే మాత్రలు లెక్కపెడుతున్న మా అమ్మాయి మాత్రం చేతిలో అట్ట బల్లమీద కొట్టింది.

"ఆయన తప్పు రాస్తే నీ కళ్ళ మీద ఎందుకేసుకుంటావు?"

"ముసలావిడకి సగం మాత్ర వెళ్ళింది కదమ్మా."

"వెళ్ళింది. ఆయనకి మాత్రం తను తప్పు రాసినట్టే తెలియలేదు. రేపు మళ్ళీ రాస్తాడు. నువ్వు మళ్ళీ గుడ్డివాడివవుతావు."

"గుడ్డివాడినైతే ఏం, పని జరుగుతోందిగా."

"మేడమ్ ఏం చెప్పింది? తప్పు కనబడితే సూటిగా, మర్యాదగా, మంచం దగ్గరే చెప్పాలంది. ఈ చదువంతా అందుకే. నేను పైకి వెళ్ళాక చూడు, మొహం మీదే చెబుతాను."

"చెబుదువుగాని," అన్నాను. నిజంగానే చెబుతుందనుకున్నాను. లోపల గర్వంగానే ఉండింది.

వసపిట్ట తల ఊపింది. "తండ్రేమో వెన్న, కూతురేమో కత్తి. రొట్టె తెచ్చుకుంటే టిఫినైపోతుంది."

* * *

చలి ముదిరింది. మందుల గది ముందు దగ్గులు, తుమ్ములు, మఫ్లర్లు. ఆ రద్దీలోనే పరీక్షలు రాశాం. ఫలితాలొచ్చిన రోజు వసపిట్ట గదిలోకి పరిగెత్తుకొచ్చింది.

"ముగ్గురం గట్టెక్కాం! మీ అమ్మాయి మొదటిది. మీరు రెండు. నేను మూడు. నన్ను కాస్త దయతో చూడండి, నాకంటే వెనక ఎవరూ లేరు."

అమ్మాయి అందరి ముందూ నా చెంపలు పట్టుకుని ఊపింది. "నాన్నా, పైకి వెళుతున్నాం!" అంది. కిటికీ సందులో అప్పుడెవరిదో చెయ్యి చీటీతో ఎదురుచూస్తోంది. అది కూడా నవ్వుతున్నట్టే అనిపించింది నాకు.

మార్కుల ప్రకారమే తీసుకుంటారని అనుకున్నాం. కానీ వార్డు ఇచ్చేది పెద్ద డాక్టరుగారు కాబట్టి ఆయన మాట కూడా వినాలన్నారు. సూపరింటెండెంటుగారి గదిలో పిలిచారు. ముగ్గురినీ ఒకేసారి కూర్చోబెట్టారు. బల్లకి అవతల సూపరింటెండెంటుగారు, పక్కన పెద్ద డాక్టరుగారు, చివర మా క్లాసు మేడమ్. మూల హీటరు రొద పెడుతోంది. అమ్మాయి ఆవేళ ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకుంది. నా కోటు కూడా తనే ఇస్త్రీ చేసింది.

"మార్కులైతే ఈయనవి బాగానే ఉన్నాయి," అన్నారు సూపరింటెండెంటుగారు నా కాయితాలు తిరగేస్తూ. "మీరేమంటారు డాక్టరుగారూ?"

"మనిషి బంగారం. అందులో రెండో మాట లేదు." పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కానీ చూపు బాగా పోయింది పాపం. నాకు అస్తమానం ఫోన్. మీ చేతిరాత అర్థం కాలేదు సార్, మీ చేతిరాత అర్థం కాలేదు సార్." ముందున్న కాయితం మీద ఒక ముక్క రాసి మేడమ్ వైపు తిప్పారు. "చూడండి. ఇది నా చేతిరాత. ఒకటో తరగతి పిల్లాడు చదువుతాడు. దీన్ని చదవలేని మనిషి వార్డు హడావిడిలో చార్టులేం చదువుతాడు? ఆయన మంచి కోరే చెబుతున్నాను. ఏదైనా అటూ ఇటూ అయితే రిటైరయ్యే ముందు మాట పడాలి."

ఆయన మొహం చూశాను. కక్ష లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే జాలిపడుతున్నాడు. ఆ ఫోన్లలో ఒక్కటైనా తన తప్పు వల్ల వచ్చిందని ఆయన మనసుకి తట్టలేదు. అన్నేళ్ళూ నేను అంత బాగా కప్పిపెట్టాను.

మేడమ్ ఆ కాయితం చూసింది, నన్ను చూసింది. "సార్, మీరేమైనా చెబుతారా?"

"కళ్ళజోడు పెట్టుకుంటే బాగానే చదువుతాను మేడమ్."

"మరి ఆ ఫోన్లు?"

సూటిగా అడిగింది. అడిగిన తీరులో ఏదో ఉంది. తను ఊహించిందేమో, నా నోటితో వినాలనుకుందేమో. నేనూ చెప్పేద్దామనే అనుకున్నాను. మొన్నటి ముసలావిడ గుండె మాత్రతో మొదలుపెడదామని మనసులో వాక్యం కూడా పేర్చుకున్నాను. ఎవర్నీ నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఒక్క క్షణం ఆగాను. నేనెప్పుడూ అంతే.

ఆ క్షణంలో మేడమ్ మా అమ్మాయి వైపు తిరిగింది. "పోనీ మీరు చెప్పండి. రోజూ పక్కనే ఉంటారుగా. ఆయనకి చదవడం ఇబ్బందా?"

నాకు ఊపిరి తేలికైంది. నా కత్తి చెబుతుందిలే అనుకున్నాను.

అమ్మాయి బల్లమీదున్న పాళీ పెన్ను వైపు చూసింది. తరవాత పెద్ద డాక్టరుగారి వైపు చూసింది.

"అప్పుడప్పుడూ ఇబ్బంది పడతారు మేడమ్," అంది. "నన్ను చదివిపెట్టమంటారు."

హీటరు రొద పెడుతూనే ఉంది. వసపిట్ట నోరు తెరిచి, మూసుకుంది. ఆవిడ నోరు మూతపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

నా వాక్యం నా నోట్లోనే ఉంది. ఇప్పుడు దాన్ని బయటపెడితే పెద్ద డాక్టరుగారు తప్పుడు డోసులు రాశారని ఒక్కటే తేలదు. నా కూతురు వాళ్ళందరి ముందూ అబద్ధమాడిందని కూడా తేలుతుంది.

"అవును మేడమ్," అన్నాను. "అప్పుడప్పుడూ."

* * *

బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. దిగాక అమ్మాయి రొట్టె కొంది, గుడ్లు కొంది. నాకిష్టమైన జామ్ సీసా కూడా కొంది. మామూలుగా అది ఖరీదెక్కువని నన్ను కొననివ్వదు.

ఇంటికొచ్చి కోటు విప్పుతూ, అటు తిరిగే అంది: "రెండేళ్ళు ఆయన కిందే పనిచేయాలి నాన్నా. చివర్లో మార్కులేసేదీ ఆయనే."

"తెలుసమ్మా."

"నువ్వే చెప్పచ్చుగా! నిన్నేగా ముందు అడిగింది. ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను."

"ఎప్పుడు?"

నేను నా కోటు విప్పి కొక్కేనికి తగిలించాను. ఎప్పుడన్నది చెబితే దెబ్బ ఆమెకి తగులుతుంది.

"అయినా నేనేం కొత్తగా కల్పించలేదు," అంది. "కళ్ళు కనబడవని ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పింది నువ్వే. పెద్దవాళ్ళ తప్పు మనమీద వేసుకుని పని జరిపించుకోవాలని నాకు నేర్పిందీ నువ్వే."

నీమీద వేసుకోలేదు కదమ్మా, నామీద వేశావు. ఈ మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాను. మింగుడుపడని మందెలా ఉంటుందో ఆ పూట తెలిసింది.

"జామ్ సీసా మూత బిగిసిపోయింది. ఇలా తే, నేను తీస్తాను," అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున అలవాటుగా లేచి టీ పెట్టాను. టేబుల్ మీద నా పుస్తకం ఒక్కటే ఉంది. తనవన్నీ తన గదిలోకి తీసుకెళ్ళిపోయింది. తలుపు కింద సందులోంచి లైటు వెలుగు కనబడుతోంది. టీ తీసుకెళ్ళి తలుపు కొడితే సందులోంచి చెయ్యి ఒక్కటే బయటికొచ్చి కప్పు అందుకుంది.

"థాంక్స్ నాన్నా."

మా ఇంట్లో ఆ మాట అప్పటిదాకా లేదు.

* * *

ఆఫీసువాళ్ళు నన్ను కళ్ళ పరీక్షకి పంపారు. కళ్ళ డాక్టరు కుర్రవాడు. అక్షరాల బోర్డులో అట్టడుగు వరస కూడా నేను గడగడా చదివేసరికి నవ్వేశాడు.

"మీకు చూపు పోయిందని ఎవరు చెప్పారండీ? నాకంటే బాగుంది."

"ఇంట్లోవాళ్ళు," అన్నాను.

బాగుందని రాసి సంతకం పెట్టిచ్చాడు. ఆ కాయితం ఆఫీసులో ఇస్తే వాళ్ళు ఫైల్లో పెట్టారు, ఫైలు బీరువాలో పెట్టారు, బీరువాకి తాళం వేశారు. అయినా ఆ కుర్రవాడి నవ్వు మంచిది. లేచేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుని, ఎందుకో తలుపుదాకా వచ్చి దింపాడు.

అమ్మాయీ వసపిట్టా పైకి వెళ్ళారు. కింద కొత్తగా చేరిన ఇద్దరికీ మందుల పేర్లే ఇంకా నోరు తిరగలేదు. అందుకని కట్టిన ప్రతి మందునీ చీటీతో పోల్చి చివరిసారి చూసే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. వార్డుకి చూపు చాలదన్నవాణ్ణి ఆస్పత్రి మొత్తానికి చివరి చూపుగా పెట్టారు. ఇందులో తమాషా ఏముందో ఎవరికీ తట్టలేదు. నాకే ఒక్కోసారి నవ్వొచ్చేది.

వసపిట్ట మధ్యాహ్నాలు కిందికొచ్చి పై వార్డు కబుర్లు చెప్పేది.

"మీ అమ్మాయి నన్ను చూసి నేర్చుకోవాల్సింది, నేను మీ అమ్మాయిని చూసి నేర్చుకుంటున్నాను. రౌండ్లలో నోరు విప్పదు. ఆయన చెప్పడం, ఈమె రాయడం. చేతిరాత చూసి డాక్టరుగారు మురిసిపోతున్నారు, నా తరవాత ఇదిగో ఈ పిల్లే అని." అని, నా పక్క స్టూలు మీద కూర్చుని, "ఆరోజు నేనైనా నోరు తెరవాల్సింది," అంది. "నాకూ సీటు కావాలి కదా. మీరు వస్తే నేను ఉండను."

"ఊరుకోండి. టీ తాగుతారా?"

"మీరు తిట్టేస్తే బాగుండును. ఈ టీలతో చంపుతారు మనుషుల్ని," అంది. కళ్ళు తుడుచుకుని తాగేసి వెళ్ళింది.

చలి వెనక్కి తగ్గింది. స్వెట్టరు పొద్దున ఒక్కపూటే వేసుకునే రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చింది. వేళ్ళ కణుపులన్నీ వాచి, వంకర్లు తిరిగిన ముసలి చెయ్యి. మూడో అంతస్తునుంచి ఇంటికి పంపించేస్తున్న ఆవిడ. ఇంటికి తీసుకెళ్ళాల్సిన మందుల చీటీ అది.

మా అమ్మాయి చేతిరాత. ఆ గుండ్రటి అక్షరాలు నేను దిద్దించినవే. పలక మీద నా చేతిలో తన చెయ్యి పెట్టి, సున్నాకి మొదలూ చివరా కలవాలమ్మా అని కలిపించాను. ఇప్పటికీ కలుపుతుంది.

మూడో వరసలో కీళ్ళ జబ్బు మాత్ర ఉంది. అది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాల్సిన మందు. రోజూ వేసుకుంటే నెల తిరక్కుండానే మనిషి ప్రాణం పోతుంది. ఆ గుండ్రటి అక్షరాల్లో 'రోజూ ఒకటి' అని ఉంది. కింద పెద్ద డాక్టరుగారి సంతకం. ఆయన చెప్పింది ఈమె మాట్లాడకుండా రాసిందో, ఈమె పొరపాటున రాసింది ఆయన చూడకుండా సంతకం పెట్టారో నాకు తెలియదు. రెండూ జరగగలవు.

కొత్తవాళ్ళు అప్పటికే అట్టలు కత్తిరించి కట్ట కట్టేశారు. దాన్ని పక్కకి జరిపి ఫోనెత్తాను. వార్డు సిస్టరు తీసి, నా గొంతు విని, ఏమీ అడక్కుండా అమ్మాయికిచ్చింది.

"చెప్పు నాన్నా, తొందరగా. రౌండ్లో ఉన్నాం."

వెనకాల పెద్ద డాక్టరుగారి గొంతు, కుర్ర డాక్టర్ల నవ్వులు. ఆమె మంచం పక్కన నిలబడి ఉంది.

ఆ చలికాలమంతా ఆమెతో అనకుండా మింగిన మాటలు చాలా ఉన్నాయి నాదగ్గర. ఒక్కటి తీసినా సరిపోయేది. తప్పు రాశావు అంటే చాలు, అది నిజం కూడా. తను నన్ను ఎప్పుడూ చేయమన్నదీ అదే.

"అమ్మా," అన్నాను. "నీ చేతిరాత నాకు సరిగా అర్థం కావడం లేదు. మూడో వరసలో కీళ్ళ మాత్ర. వారానికి ఒకటేనా నువ్వు రాసింది?"

మా ఇద్దరికీ తెలుసు, ఆ మాటకి అర్థమేమిటో. ఆమెకి దాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

"ఏంటట?" అని దూరంనుంచి పెద్ద డాక్టరుగారి గొంతు.

"ఏం లేదు సార్." ఆమె ఫోన్ కాస్త పక్కకి జరిపినట్టుంది, అయినా వినబడింది. "కింద నాన్నగారు. చీటీ చదవడం ఇబ్బందిగా ఉందట."

"పాపం," అన్నారు డాక్టరుగారు.

మళ్ళీ ఫోన్ దగ్గరికొచ్చి, ఎప్పుడో చిన్నప్పుడు దెబ్బ తగిలించుకుని దాచుకునేటప్పటి గొంతుతో అంది: "వారానికే నాన్నా. వారానికి ఒకటి."

"సరేనమ్మా. అదే అనుకున్నాను."

ఇంకేదో అంటుందని ఆగాను. పెట్టేసింది.

చీటీ మీద 'రోజూ' కొట్టేసి 'వారానికి' అని రాశాను. కట్ట విప్పి, ఎక్కువున్న మాత్రలు తీసేసి, వారంలో ఏ రోజు వేసుకోవాలో అట్టమీద పెద్దక్షరాలతో రాశాను. ఆ వాచిన చెయ్యి అంతసేపూ కిటికీ అంచు పట్టుకుని అలాగే ఉంది. మందులు అందులో పెట్టి, వేళ్ళు నొప్పి పుట్టకుండా నేనే మెల్లగా మూశాను.

"ఇది వారానికి ఒక్కటే అమ్మా. రోజూ కాదు. గుర్తుంటుందా?"

"ఉంటుందిలే నాయనా." మసక అద్దం అవతలినుంచి విసుగూ ఆప్యాయతా కలిసిన గొంతు. "ఇంతసేపు ఫోన్లేమిటి? రాసింది కనబడటం లేదా?"

"కనబడుతోందమ్మా," అన్నాను. "బాగా కనబడుతోంది."